పాత కంప్యూటర్‌కు కొత్త ఇల్లు

1985 తర్వాత మన బడిలో తొమ్మిది, పది చదివినవాళ్లకు సైన్సు ల్యాబ్ పక్కనున్న చిన్న గది గుర్తుండే ఉంటుంది. చెప్పులు బయట విడిచి, కాళ్లు తుడుచుకుని వెళ్లేవాళ్లం. స్విచ్ వేయగానే యంత్రం రెండు స్వరాల్లో పలికేది. తెర మీద నల్లటి వెనుతలంలో 'బీబీసీ కంప్యూటర్ 32కే' అన్న వరుస, దాని కింద మన కోసం ఎదురుచూసే చిన్న గుర్తు కనిపించేవి. మన తర్వాతి బ్యాచ్‌ల పిల్లలకు ఈ సంగతి చెబితే, బీబీసీ అంటే రేడియో కదా అంటారు!

నిజమే, పేరు అక్కడినుంచే వచ్చింది. బ్రిటన్ ప్రజలకు కంప్యూటర్ నేర్పాలని బీబీసీ టీవీ కార్యక్రమాలు మొదలుపెడుతూ, వాటికి తోడుగా ఒక యంత్రం కావాలనుకుంది. కేంబ్రిడ్జిలోని ఏకార్న్ అనే చిన్న కంపెనీ దాన్ని తయారుచేసింది. 1981 డిసెంబరులో అది బయటికి వచ్చింది. 1984-85లో మన దేశంలో ఎలక్ట్రానిక్స్ శాఖ, విద్యాశాఖ కలిసి ఎన్‌సీఈఆర్‌టీ తోడుతో 'క్లాస్' అనే పథకం పెట్టి, మొదటి విడతలో సుమారు 250 బడులకు ఈ యంత్రాలనే ఇచ్చాయి. మన గదిలోకి కంప్యూటర్ వచ్చిన దారి అదే.

పదో తరగతిలో నేను రాసిన ప్రోగ్రాం చాలా చిన్నది. తెర మీద 'మన బడి' అని తెలుగులో కనిపించాలి, అంతే. ఆ యంత్రానికి తెలుగు రాదు. కానీ 'వీడీయూ 23' అనే ఆజ్ఞతో ఎనిమిది గళ్ల అడ్డం, ఎనిమిది గళ్ల నిలువులో మనకు కావలసిన బొమ్మ గీసుకోవచ్చు. ఎనిమిది గళ్లలో 'మ' ఇమడలేదు. లెక్కల మాస్టారు గ్రాఫు కాగితం ఇచ్చి, ఒక అక్షరాన్ని నాలుగు ముక్కలు చేసి చూడరా అన్నారు. ఇలా మనం గీసుకునే గుర్తులకు మామూలుగా 32 చోట్లే ఉంటాయి. అక్షరానికి నాలుగు చొప్పున ఎనిమిది అక్షరాలు. 'మన బడి'కి నాలుగు చాలు. 'డి' మీది గుడి దగ్గరే వారం పట్టింది. అక్షరానికీ అక్షరానికీ మధ్య ఆగడానికి 5000 సార్లు ఊరికే తిరిగి వచ్చే లూపు పెట్టాను. అక్షరం పడుతుంది, కాసేపు ఆగుతుంది, ఇంకోటి పడుతుంది. ఆ ఆగడం చూసి క్లాసంతా ఊపిరి బిగబట్టింది.

ఆ ఫ్లాపీ ఇప్పటికీ నా దగ్గర ఉంది, కానీ బూజు పట్టిపోయింది. నోటు పుస్తకం మాత్రం మిగిలింది. ఈ సంచికకు ఏదైనా రాయమని సంఘం వాళ్లు అడిగినప్పుడు, ఆ ప్రోగ్రాంను మళ్లీ నడిపి చూద్దామనిపించింది. యంత్రం లేదు కాబట్టి ఎమ్యులేటర్ కావాలి.

ఒక యంత్రం చేసే పనిని మరో యంత్రంలో ఉన్నదున్నట్టు చేసి చూపేది ఎమ్యులేటర్. మాట కొత్తదిగా వినిపిస్తుంది కానీ అరవై ఏళ్ల నాటిది. 1964లో ఐబీఎం తన సిస్టం 360ని ప్రకటించినప్పుడు, పాత 1401 యంత్రాల కోసం రాయించుకున్న ప్రోగ్రాములను పారేయడానికి ఖాతాదారులు ఒప్పుకోరని దానికి తెలుసు. అందుకే కొత్త యంత్రమే పాతదానిలా నడిచే ఏర్పాటు చేసి, దానికి ఈ పేరు పెట్టింది. అంటే ఎమ్యులేటర్ పుట్టింది ఆటల కోసం కాదు, జీతాల లెక్కల కోసం.

బీబీసీ కంప్యూటర్‌కు ఎమ్యులేటర్లు చాలానే ఉన్నాయి. నేను మొదట దొరికినదాన్ని దించుకుని, ప్రోగ్రాం మొత్తం కొట్టి నడిపాను. నాలుగు అక్షరాలూ రెప్పపాటులో ఒకేసారి వచ్చి పడ్డాయి. అది నేటి ల్యాప్‌టాప్ వేగంతో పరుగెత్తింది. తెర మీద అక్షరాలు సరిగ్గానే ఉన్నాయి. అయినా అది నా ప్రోగ్రాం అనిపించలేదు.

అప్పుడు అర్థమైంది, దేన్ని పదిమందికీ చెప్పవచ్చో. అసలు యంత్రం గుండె 6502 అనే చిప్పు, సెకనుకు 20 లక్షల సార్లు కొట్టుకుంటుంది. నిదానంగా నడిచే తోటి చిప్పులతో మాట్లాడవలసి వచ్చినప్పుడు వాటి కోసం తన అడుగును కాస్త సాగదీసుకుంటుంది. మంచి ఎమ్యులేటర్ ఈ సాగదీతను కూడా లెక్కపెడుతుంది. 1984లో డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్ రాసిన 'ఎలీట్' ఆట దీనికి మంచి పరీక్ష. అందులో తెర పైభాగం సన్నటి గీతలతో ఒక పద్ధతిలో, కిందిభాగం రంగులతో మరో పద్ధతిలో ఉంటుంది. యంత్రం అసలు అలా రెండుగా చూపలేదు. బొమ్మ సగం గీసేసరికి టైమరుతో పద్ధతి మార్చేస్తారు. సెకనుకు 50 సార్లు ఈ గారడీ. లెక్క ఏమాత్రం తప్పినా ఆ రెండు భాగాల సరిహద్దు చెదిరిపోతుంది.

కీబోర్డు సంగతి కూడా చూడాలి. ఆ యంత్రంలో షిఫ్టు పట్టి 2 నొక్కితే కొటేషన్ గుర్తు వస్తుంది, మన ల్యాప్‌టాప్‌లో 'ఎట్' గుర్తు వస్తుంది. మంచి ఎమ్యులేటర్ మీకు ఏ పద్ధతి కావాలో అడుగుతుంది. నాకు పాతదే కావాలి, ఎందుకంటే వేళ్లకు ఇంకా అదే గుర్తుంది.

ఇక తప్పులు. నా నోటు పుస్తకంలో ఒకచోట ఆజ్ఞ స్పెల్లింగు తప్పు రాసి ఉంది. 'మిస్టేక్' అంటూ వరుస సంఖ్యతో సహా చూపింది, అచ్చం అప్పటిలాగే. ఆ మాటను 'ఎర్రర్' అని ఆధునికం చేసి చూపే ఎమ్యులేటర్ ఎదురైతే నేను వాడను.

ఇంకొకటి కూడా ఉంది, అది చెప్పడానికి 1986 దాకా వెళ్లాలి. విలియం రాజు వేయించిన డూమ్స్‌డే భూముల లెక్కకు 900 ఏళ్లు నిండాయని, బీబీసీ బ్రిటన్ బడిపిల్లల చేత తమ ఊళ్ల గురించి రాయించింది. సుమారు పది లక్షల మంది చెయ్యి పడింది. దాన్నంతా లేజర్ డిస్కుల్లో పెట్టి, ఏకార్న్ యంత్రంతో చదివే ఏర్పాటు చేశారు. పదిహేనేళ్లు తిరక్కుండానే వాటిని చదవగల యంత్రాలు అరుదైపోయాయి. 1086 నాటి తోలు పుస్తకాన్ని మాత్రం ఇప్పటికీ చదవవచ్చు. లీడ్స్, మిషిగన్ విశ్వవిద్యాలయాల వాళ్లు 'కెమీలియన్' పథకం కింద ఎమ్యులేటర్ పెట్టి 2002లో ఆ డిస్కులను మళ్లీ తెరిచి చూపించారు. అందుకని నేను చూసే ఆఖరి సంగతి, ఎమ్యులేటర్ లోపలి కోడ్ అందరికీ తెరిచి ఉందా అని. రాసినవాడు మానేస్తే ఇంకొకరు అందుకోవాలి కదా. 1994లో డేవిడ్ గిల్బర్ట్ యూనిక్స్ కోసం మొదలుపెట్టిన 'బీబెమ్' అలాగే చేతులు మారుతూ ఇప్పటిదాకా నిలిచింది.

కంప్యూటర్‌లో ఏమీ దించుకోవడం ఇష్టం లేనివాళ్లకు మ్యాట్ గాడ్‌బోల్ట్ రాసిన 'జేఎస్‌బీబ్' చెబుతాను. బ్రౌజరు తెరిస్తే చాలు, ఆ రెండు స్వరాలు వినిపిస్తాయి. నా ప్రోగ్రాంను అందులోనే నడిపాను. 'మ' పడింది. ఆగింది. 'న' పడింది. మా అమ్మాయి పక్కనే కూర్చుని, ఏమైంది నాన్నా, ఆగిపోయిందా అని అడిగింది.

ఆ గదిలో రాసుకున్న నోటు పుస్తకాలు, గ్రాఫు కాగితాలు ఎవరి దగ్గరైనా ఉంటే ఉత్సవం రోజున తెచ్చిపెట్టండి. ల్యాప్‌టాప్ నేను తెస్తాను. ఫ్లాపీలను మాత్రం ఇంట్లో తుడిచే ప్రయత్నం చేయకండి, ఉన్నవి ఉన్నట్టే తెండి.