ఫతేమైదానము - టెన్నిసు ప్రాంగణము

దేశచరిత్రలను వ్రాయువారు కోటలను, దేవాలయములను, రాజసభలను వర్ణింతురు. ప్రజలు ఆటలాడుకొన్న స్థలములను గూర్చి వ్రాయువారు మిక్కిలి యరుదు. ఒక భూమి యెవరిచేతినుండి యెవరిచేతికి వచ్చెనో, అందు కాలిడుట కెవరికి హక్కుండెనో పరిశీలించినచో ఆయా కాలముల సంఘస్థితి చక్కగా బోధపడును. ఆ దృష్టితోనే హైదరాబాదు నగరమందలి ఫతేమైదానమును గూర్చియు, అందు వెలసిన టెన్నిసు ప్రాంగణమును గూర్చియు చదువరులకు విన్నవింప దలచితిమి. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములవారికి దీనితో నేమి పని యని కొందఱడుగవచ్చును. పని కలదు. అది మున్ముందు తేటపడును.

1687 వ సంవత్సరమున ఔరంగజేబు సైన్యము ఎనిమిది నెలలు గోలకొండను ముట్టడించి తుదకు దానిని వశపఱచుకొనెను. ఆ సైన్యము విడిసిన విశాలమైన బయలునకు విజయసూచకముగా ఫతేమైదాన మను పేరు వచ్చెను. ఫతే యనగా విజయము. అసఫ్‌జాహీల కాలమున నదియే పోలో యాటకు స్థానమయ్యెను. గుఱ్ఱములు గల దొరలు ఆడుచుండిరి. గుఱ్ఱము లేనివానికి చూచుటయే భాగ్యము.

ఆ కాలముననే సీమనుండి టెన్నిసు మన దేశమునకు వచ్చెను. 1877 లో లండను సమీపమందలి వింబుల్డనులో మొదటి పోటీ జరిగినది. నేలను చదునుచేయు రోలరు చెడిపోగా, దానిని బాగుచేయించుటకు సొమ్ము కావలసి ఆ క్లబ్బువారు పోటీ పెట్టిరి. అందు పాల్గొన్నవారు 22 గురు పురుషులు మాత్రమే. స్త్రీలకు ప్రవేశము 1884 లో గాని లభింపలేదు. నేడు లోకమంతయు చూచుచున్న మహాప్రాంగణము ఇంత చిన్న యవసరమునుండి పుట్టినదని మఱువరాదు. 1922 లో అది విశాలమైన క్రొత్తస్థలమునకు మాఱెను. 1940 లో బాంబు పడి కొంతభాగము కూలినను యుద్ధానంతరము 1946 లో మరల పోటీలు సాగించెను.

మన దేశమున నీ యాట మొదట తెల్లదొరల దండుప్రదేశములలోను, క్లబ్బులలోను నిలిచిపోయెను. సికింద్రాబాదు క్లబ్బు 1878 లోను, నిజాం క్లబ్బు 1884 లోను ఏర్పడినవి. అట్టి క్లబ్బులలో సభ్యత్వము కొలదిమందికే. చెడుగుడు ఆడుటకు గీత గీచిన చాలును. బిళ్లంగోడు ఆడుటకు కఱ్ఱముక్క చాలును. టెన్నిసునకో 78 అడుగుల పొడవు, 36 అడుగుల వెడల్పు గల సమతలము, వల, బ్యాటులు, బంతులు, వీనితోపాటు నేర్పువాడును కావలెను. ఇన్ని కావలసిన యాట సామాన్యుని కందవలెనన్న సర్కారో, పురపాలక సంఘమో పూనుకొనక తప్పదు.

ఫతేమైదానము విషయమున నా మార్పు క్రమముగా జరిగెను. 1950 లో హైదరాబాదు క్రికెట్టు సంఘము సికింద్రాబాదు జింఖానా మైదానమునుండి యిచటికి మాఱెను. 1955 లో భారత, న్యూజీలండు జట్ల నడుమ ఇచట టెస్టుపందెము జరిగెను. 1967 లో నీ క్రీడాస్థలమునకు లాల్ బహదూర్ శాస్త్రిగారి పేరు పెట్టబడెను. మైదానములో టెన్నిసునకును ప్రత్యేక ప్రాంగణ మేర్పడెను. 2002 లో జాతీయ క్రీడలు, 2003 లో ఆఫ్రో-ఆసియా క్రీడలు హైదరాబాదున జరిగినవి. 2003 లోనే స్త్రీల అంతర్జాతీయ టెన్నిసు పోటీయు ఆ నగరమునకు వచ్చెను.

ఆ పోటీలో మొదటి సంవత్సరము థాయిలాండు దేశపు తమరిన్ తనసుగర్న్, రెండవ సంవత్సరము ఆస్ట్రేలియాకు చెందిన నికోల్ ప్రాట్ విజయము పొందిరి. 2005 ఫిబ్రవరి 12 వ తేదీన హైదరాబాదున పెరిగిన సానియా మీర్జా ఉక్రేనియాకు చెందిన అల్యోనా బొందరెంకోను 6-4, 5-7, 6-3 ఆటలతో నోడించెను. అప్పటికామెకు 18 ఏండ్లు. ఆ శ్రేణి పోటీలలో ఒంటరి యాటయందు గెలిచిన భారతీయస్త్రీలలో నామెయే మొదటిది. ఒకప్పుడు సైన్యముల విజయమునకు పేరు మోసిన నేల, నాడొక బాలిక విజయమునకు నెలవయ్యెను.

ఈ విజయమున కా పోటీయే కారణమనుకొనుట పొరపాటు. ఆమె ఆఱవయేటనే బ్యాటు పట్టెను. తండ్రి దగ్గఱనుండి శిక్షణ నిచ్చెను. ఊరిలోనే ఆటస్థలములుండెను. ఆడపిల్ల ఎండలో నాడుట తగదను మాటను ఇంటివారు చెవిని బెట్టలేదు. ఇన్నియు పది పండ్రెండేండ్లు ముందుగా సమకూడినవి కనుకనే, పోటీ వచ్చిననాడు దాని నందుకొను చేయి సిద్ధముగా నుండెను. పోటీయో మూడేండ్లు మాత్రమే యుండి, 2006 లో బెంగళూరునకు తరలిపోయెను. ఉత్సవములు వచ్చును, పోవును. నిత్యసాధనకు దగ్గఱలో నొక స్థలమున్ననే ఫలము నిలుచును. ఆమె తరువాత 2015 లో వింబుల్డను జంటలపోటీలో గెలిచి, 2023 మార్చి 5 వ తేదీన తుదిగా వీడ్కోలు ఆట ఆడుటకు మరల లాల్ బహదూర్ ప్రాంగణమునకే వచ్చెను.

ఇక మన సీమ సంగతి. 1956 మొదలు 2014 వఱకు హైదరాబాదు ఉభయప్రాంతములకును రాజధాని. నంద్యాల రైతును, ఆళ్లగడ్డ వర్తకుడును చెల్లించిన పన్నులును ఆ రాజధానిని పెంచినవి. కాని నంద్యాల పిల్ల సాయంకాలము బడి విడిచినపిమ్మట హైదరాబాదునకు పోయి ఆడి రాగలదా? 2014 లో రాష్ట్రము విభక్తమైనప్పుడు ప్రాంగణ మా రాష్ట్రమున నుండిపోయెను. అందఱి ధనముతో నొక్కచోటనే అన్నిటిని కట్టుకొన్నవారి కిది సహజఫలము.

మనకు కర్నూలు-కడప కాలువ తెలిసినదే. ఒక ఆంగ్ల కంపెనీ దానిని త్రవ్వి, నడుపలేక 1882 లో ప్రభుత్వమున కమ్మివైచెను. నేడు నంద్యాల పొలములు దానిచే పండుచున్నవి. అయినను పెద్దకాలువ ఎంత నిండుగా పాఱినను పిల్లకాలువ లేనిచో చేను తడవదు. రాజధాని ప్రాంగణము పెద్దకాలువ. ఊరూర నుండవలసిన ఆటస్థలములు పిల్లకాలువలు. ఆళ్లగడ్డ శిల్పుల యిండ్లను చూడుడు. అచటి పిల్లవాని చేతికి ఉలి చిన్ననాడే యందును; కనుకనే ఆ విద్య తరతరములుగా నిలిచియున్నది. ఉలి దూరదేశమున నుండినచో శిల్పి యెట్లు పుట్టును?

కఱవుసీమకు టెన్నిసేల యని యాక్షేపింపవచ్చును. బీదపిల్లకు అన్నముతోపాటు ఆటయు కావలెనని మా మనవి. చదువు ధనికులకే యన్ననాడు బడులు లేకపోయెను. బడులు తెఱచినపిమ్మట చదువు అందఱిదాయెను. ఆటయు నట్టిదే.

2022 ఏప్రిలు 4 వ తేదీనుండి నంద్యాల జిల్లాకు ముఖ్యపట్టణమైనది. జిల్లా యేర్పడినచోట కచేరీలు లేచును, ఇండ్లస్థలముల వెల పెరుగును, ఖాళీనేల తఱిగిపోవును. ఇప్పుడే నంద్యాలలో నొకటి, ఆళ్లగడ్డలో నొకటి బహిరంగస్థలములను పిల్లలకై శాశ్వతముగా నిలిపి, వలయు బంతియు సమకూర్చి, బాలికలకు ప్రత్యేకవేళలను నిర్ణయించి, నేర్పువారిని నియమింపవలెను. గొప్ప మేడ లక్కఱలేదు. చదునైన నేలయు, మూయని గేటును చాలును. మూడువందలేండ్ల క్రిందట సైన్యము విడిచిపోయిన బయలు హైదరాబాదువారికి మిగిలియుండబట్టియే ఆ బాలిక విజయమునకు నేల దొరకినది. మన పిల్లలకు మన మే బయలును మిగుల్చుదుమో పెద్దలు నేడే ఆలోచింపవలెను.