ఆదోని పుస్తకాలు, ఐవారి బలపాలు

రాజస్థాన్‌లోని బికనీరు రాజుల దగ్గర చేరిన దక్కనీ చిత్రాలను పరిశోధించేవారికి ఆదోని పేరు తరచూ తగులుతుంది. పత్తి మండీకి, జిన్నింగు ఫ్యాక్టరీలకు పేరుపడ్డ ఊరికి ఎక్కడో థార్ ఎడారిలోని రాజుల చిత్రశాలతో పనేమిటి? దానికి జవాబు 1688 నాటి ఒక ముట్టడిలో ఉంది.

అప్పటి ఆదోని ఏలిక సిద్ది మసూద్ ఖాన్. ఆఫ్రికా మూలాలున్న హబ్షీ సర్దారు, కర్నూలు నేలిన సిద్ది జౌహర్‌కు అల్లుడు. బిజాపూరు ఆదిల్‌షాహీల కింద ఆదోనిని పాలిస్తూ 1678లో ఆ రాజ్యానికే పెత్తందారు అయ్యాడు. అక్కడి కుమ్ములాటలతో వేగలేక 1683లో అన్నీ వదిలేసి ఆదోని చేరాడు. ఊళ్లోని షాహీ జామియా మసీదు ఆయన కట్టించిందే. మంచి చిత్రాలూ గ్రంథాలూ ఎక్కడ దొరికినా పోగుచేసే అలవాటు ఆయనకు ఉండేది. 1686లో బిజాపూరు ఔరంగజేబు వశమైనా ఆదోని మాత్రం వెంటనే లొంగలేదు. రెండేళ్ల తర్వాత మొగలు సేనాని ఫిరోజ్ జంగ్ సేనలు చుట్టుముట్టాక కోట తలుపులు తెరుచుకున్నాయి. మొగలులు ఊరి పేరును ఇంతియాజ్‌గఢ్ అని మార్చారు. మసూద్ ఖాన్ కూడబెట్టిన చిత్రసంపద చేతులు మారింది.

అందులో మంచి భాగం దక్కింది బికనీరు రాజు అనూప్ సింగ్‌కు. మొగలు సేనతో దక్కను వచ్చిన ఈ రాజపుత్రుడు కత్తి పట్టినంత శ్రద్ధగా పుస్తకమూ పట్టాడు. దండయాత్రలు సాగిన దారిలో చెల్లాచెదురవుతున్న సంస్కృత తాళపత్రాలను, కాగితపు ప్రతులను సేకరించి తన ఊరికి పంపించాడు. ఆయన ఆశ్రయంలో భావభట్టు అనే పండితుడు రాజు పేరు మీదుగానే ‘అనూపసంగీతరత్నాకరం’ వంటి సంగీతశాస్త్ర గ్రంథాలు రాశాడు. అనూప్ సింగ్ తిరిగి ఇల్లు చేరలేదు, 1698లో ఆదోనిలోనే కన్నుమూశాడు. ఆయన పోగేసిన గ్రంథాలు మాత్రం బికనీరులో అనూప్ సంస్కృత లైబ్రరీగా ఈనాటికీ నిలిచి ఉన్నాయి. ఆదోని పుస్తకాలకు ఏ గతి పట్టిందని అడిగితే, చదువుకున్నవాడి చేతిలో పడి బతికాయని చెప్పాలి. కాకపోతే ఊరు దాటిపోయాయి.

కోటలో ఇంత సంపద ఉన్న కాలంలోనే కోట బయట చదువు ఎంత అరుదో మంత్రాలయం చుట్టుపక్కల చెప్పుకునే ఒక కథ పట్టిస్తుంది. వెంకన్న అనే పశువుల కాపరికి ఆదోని నవాబు ఒక లేఖ ఇచ్చి చదవమన్నాడు. వెంకన్నకు అక్షరం ముక్క రాదు. రాదంటే నవాబు నమ్మలేదు, శిక్ష తప్పదన్నాడు. వెంకన్న రాఘవేంద్రస్వామిని తలుచుకున్నాడు, లేఖ గడగడా చదివేశాడు. అందులో ఉన్నది శుభవార్త కావడంతో నవాబు మురిసిపోయి అతణ్ని దివానును చేశాడు. ఆ దివాను చొరవతోనే మంచాల గ్రామం స్వామికి దక్కిందని, అదే నేటి మంత్రాలయమని భక్తులు చెబుతారు. రాఘవేంద్రులు 1671లో అక్కడ బృందావన ప్రవేశం చేశారు. కథలో మహిమ సంగతి భక్తులకు వదిలినా ఒక సంగతి మిగులుతుంది. ఉత్తరం ముక్క చదవగలిగితే చాలు, పశువులు కాసేవాడు దివాను కాగలడని జనం నమ్మారు. నాలుగు అక్షరాలు రావాలంటే దేవుడే దిగిరావాలనీ నమ్మారు.

తర్వాతి వందేళ్లలో ఆదోని నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ జాగీరుగా ఉంది, 1786లో టిప్పు సుల్తాను చేతికి చిక్కింది, చివరికి 1800లో దత్తమండలాలతో పాటు ఇంగ్లీషు కుంపిణీకి దఖలు పడింది. ఆదోని, దగ్గరలోని నేతగాళ్ల ఊరు ఎమ్మిగనూరు రెండూ బళ్లారి జిల్లాలో చేరాయి. ఈ ప్రాంతపు చదువుల గురించి మొదటిసారి అంకెలతో సహా మనకు తెలిసేది ఆ బళ్లారి కచేరీ నుంచే.

దత్తమండలాల మొదటి ప్రధాన కలెక్టరు థామస్ మన్రో 1822 నాటికి మద్రాసు గవర్నరు. జిల్లాల్లో బడులు ఎన్ని, చదివేది ఎవరు, ఏం చదువుతున్నారో లెక్క తీయమని ఆ ఏడు జూన్‌లో ఉత్తర్వు వేశాడు. బళ్లారి కలెక్టరు ఏ.డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టు 17న జవాబు పంపాడు. ఆయన ఈ పనికి తగినవాడు. 1816లోనే తెలుగు వ్యాకరణం, ఆ తర్వాత నిఘంటువు అచ్చు వేయించినవాడు.

ఆయన లెక్క ఇదీ. జిల్లా జనం 9,27,857. బడులు 533. పిల్లలు 6,641, అంటే వెయ్యిమందికి ఏడుగురు కూడా లేరు. కన్నడ బడులు 235, తెలుగు బడులు 226, మరాఠీవి 23, పారశీకానివి 21, తమిళానివి 4, ఇంగ్లీషుది ఒక్కటి. బ్రాహ్మణులు సంస్కృత శాస్త్రాలు చదువుకునే చోట్లు ఇంకో 23. బడికి వెళ్లే హిందూ మగపిల్లల్లో దాదాపు మూడింట రెండువంతులు శూద్రులు, ఇతర కులాలవారు. ఆడపిల్లలు జిల్లా మొత్తానికి 60 మంది. వారిలోనూ 57 మంది శూద్రులు, ఇతర కులాలవారి ఇళ్ల పిల్లలే.

అంకెల కంటే రుచికరమైనవి ఆయన రాసుకున్న బడి ముచ్చట్లు. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో ఐవారు, అంటే పంతులు, సరస్వతి పేరు రాస్తాడు. రెండోవాడి చేతిలో సున్నా చుడతాడు. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆపైన ఆలస్యాన్ని బట్టి దెబ్బలు పెరుగుతాయి. సోమరి పిల్లలకు గుంజీలు, అంతకు మించితే చేతులు కట్టి దూలానికి వేలాడదీసే కోదండం. పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు పాఠం చెప్పే పద్ధతిని మాత్రం కాంప్‌బెల్ మనసారా మెచ్చుకున్నాడు. దాన్ని ఇంగ్లండు కూడా అందిపుచ్చుకుందని గుర్తు చేశాడు.

రాసే సరంజామా ఇంకా ముచ్చటగా ఉంటుంది. మొదట ఇసుకలో వేలితో దిద్దాలి. తర్వాత ఒక అడుగు వెడల్పు, మూడడుగుల పొడవు ఉన్న చెక్కపలక. దానికి అన్నం, బొగ్గుపొడి కలిపి పూస్తే నల్లగా తయారవుతుంది. లేదంటే కడితం. గంజి పెట్టి బిరుసెక్కించిన గుడ్డను పుస్తకంలా మడతలు వేసి, బొగ్గుపొడీ బంకలూ కలిపి పట్టిస్తారు. దేనిమీదనైనా బలపంతో రాసి తడిగుడ్డతో తుడిచేయవచ్చు. తాటాకు మీద గంటంతో, కాగితం మీద రెల్లుకలంతో రాయడమూ ఉండేది గానీ, ఈ ప్రాంతంలో ఎక్కువ వాడకం పలకకూ కడితానికే. నేసిన గుడ్డే ఇక్కడి పిల్లలకు నోటుపుస్తకం అయిందన్నమాట.

మరి చదివిందేమిటి? రామాయణ, భారత, భాగవతాలు చాలా బడుల్లో ఉన్నాయి. లింగాయతుల పిల్లలకు చెన్నబసవ పురాణం వంటివి, కంసాలి తదితర పనివారి పిల్లలకు విశ్వకర్మ పురాణం, తీరిక చదువుకు పంచతంత్రం, బేతాళ పంచవింశతి, పదాల కోసం అమరం, ఆంధ్రనామసంగ్రహం. జాబితా ఘనంగానే ఉంది. పిల్లలు పద్యాలు వందల కొద్దీ అప్పజెబుతారనీ, వాటి అర్థం పిల్లలకే కాదు చాలామంది పంతుళ్లకూ తెలియదనీ కాంప్‌బెల్ ఫిర్యాదు. చివరికి వాళ్లకు మిగిలేది జ్ఞాపకశక్తి, రోజువారీ వ్యవహారానికి సరిపడే రాతకోతలు అన్నాడు. ఈ రెండోదాన్ని ఆయన తేలిగ్గా తీసేశాడు గానీ, వెంకన్న కథ చెప్పుకున్న ప్రాంతంలో ఉత్తరం చదవగలగడం, బాకీపత్రంలో ఏముందో తెలుసుకోవడం చిన్న విద్యేమీ కాదు.

ఆ నివేదికకు ప్రాణం లాంటి మాట మరొకటి ఉంది. బడులు తగ్గిపోవడానికి కారణం జనం బీదపడటం అని కలెక్టరు నిర్మొహమాటంగా రాశాడు. సీమ నూలుబట్టలు వచ్చి స్థానిక నేతను దెబ్బతీశాయి, పనివాళ్ల ఆదాయం పడిపోయింది, మధ్యతరగతి, పేద ఇళ్లు పిల్లల చదువు ఖర్చు భరించలేకపోతున్నాయి. కాళ్లూ చేతులూ ఆడటం మొదలుకాగానే పిల్లలను పనికి పెట్టుకోక తప్పడం లేదు. మగ్గం ఉన్న ఇంట్లో కండెలు చుట్టడానికి చిన్న చేతులు ఎంత అక్కరో ఎమ్మిగనూరువాళ్లకు వేరే చెప్పాలా? ఉన్న 533 బడుల్లో ఒక్కదానికి కూడా సర్కారు సాయం లేదని చెప్పడానికి సిగ్గుపడుతున్నానని కూడా ఆయన రాశాడు. మన్రో 1826లో తాలూకాకో బడి పెట్టాలని ప్రతిపాదించాడు. మరుసటి ఏడాది జూలై 6న, ఇక్కడికి దగ్గరలోని పత్తికొండలో కలరా సోకి చనిపోయాడు.

మగ్గానికీ బడికీ ఉన్న ఈ ముడి ఇరవయ్యో శతాబ్దంలో ఎమ్మిగనూరులో మళ్లీ కనిపించింది. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం స్థాపించారు. నూలు కోసం, అప్పు కోసం షావుకారు గడప తొక్కే నేతగాడికి సంఘం అండ దొరికింది. ఎమ్మిగనూరు దుప్పట్లు దూరప్రాంతాలకు వెళ్లాయి. 1954లో సోమప్పకు పద్మశ్రీ వచ్చింది. సంఘం సభ్యుడంటే వాటాపత్రం, ఖాతా, సంతకం ఉంటాయి. వేలిముద్రతో సరిపెట్టుకున్న ఇంట్లో కొడుకైనా సంతకం చేయాలన్న పట్టుదల అలాంటి చోటే పుడుతుంది.

ఇదే కాలంలో గ్రంథాలయాలూ వచ్చాయి. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. ఆ ఉద్యమానికి దశాబ్దాల పాటు వెన్నుదన్నుగా నిలిచిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు పుట్టింది కర్నూలులోనే. 1948 నాటి మద్రాసు చట్టంతో పౌర గ్రంథాలయాలకు చట్టబద్ధత దక్కింది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారిని వదిలి కర్నూలులో కలిశాయి. 1960 చట్టం ఆస్తిపన్ను మీద గ్రంథాలయ పన్ను పెట్టింది. అంటే ఆదోనిలో ఇల్లున్న ప్రతివాడూ, పుస్తకం ముట్టినా ముట్టకపోయినా, ఊరి గ్రంథాలయానికి చందాదారే. తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ వీధుల్లో వినిపించే ఈ ఊళ్లకు మూడు భాషల పుస్తకాలూ కావాలి.

అయినా 2011 జనగణనలో కర్నూలు జిల్లా అక్షరాస్యత దాదాపు 60 శాతం దగ్గరే ఆగింది, అప్పటి ఉమ్మడి రాష్ట్ర సగటు 67. పడమటి మండలాల్లో కారణం అడిగితే ఎవరైనా సుగ్గి వలస గురించే చెబుతారు. వానలు మొహం చాటేస్తే కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం పల్లెల నుంచి కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని గుంటూరు వైపు మిరపకాయ కోతకు, పత్తి తీతకు వెళతాయి. ఇంట్లో ముసలివాళ్లు ఉంటే పిల్లలు ఆగుతారు, లేకపోతే వాళ్లూ వెంట వెళతారు. తిరిగొచ్చేసరికి బడి ఏడాది ముగింపుకొస్తుంది. 1823లో కాంప్‌బెల్ రాసిన వాక్యమే ఊరు మార్చుకుని మళ్లీ నడుస్తోంది.

దీనికి మందు కూడా కొత్తగా కనిపెట్టాల్సింది కాదు. వలసవెళ్లేవారి పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు నడుపుతున్నారు. అవి సుగ్గి లారీలు కదలకముందే తెరుచుకోవాలి, వాటిలో అన్నంతో పాటు పిల్లలు చదువుకునే నాలుగు కథల పుస్తకాలు ఉండాలి. పన్ను కట్టే ఆదోని, ఎమ్మిగనూరు పౌరులు ఈ రెండూ అడిగి చేయించుకోవాలి.