తెర ఇచ్చట, యంత్రము అచ్చట

భద్రాచలము వెళ్లు యాత్రికుడు రైలు దిగు 'భద్రాచలం రోడ్' స్టేషను నిజమునకు కొత్తగూడెములో నున్నది. అచ్చట రిజర్వేషను గుమాస్తా మీటలు నొక్కగనే బెర్తు సంఖ్య తెరపై కనిపించును. కాని ఆ లెక్క జరుగునది ఆ బల్లపై కాదు. దూరమున నున్న కేంద్రములోని కంప్యూటరులో. ఇది ఎట్లు సాధ్యమైనది?

1961లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో కోర్బాటో బృందము ఒకే కంప్యూటరు కాలమును పలువురకు పంచి చూపెను. 1960ల చివర ఐ.బి.ఎం. సంస్థ ఒకే యంత్రములో అనేక 'మిథ్యా యంత్రములను' నడిపినది. మన దేశమున 1994లో సికింద్రాబాదున మొదలైన 'కాన్సర్ట్' ప్రోగ్రాము రైల్వే రిజర్వేషను కేంద్రములను ముడివేసినది. 1999 నాటికి ఒక చోటినుండి మరొక చోటి రైలుకు టిక్కెట్టు కొనుట సాధ్యమైనది.

ఈలోగా చిన్న కంప్యూటర్లు ప్రతి బల్లపైకి చేరినవి. ఒక్కొక్కదానిలో ప్రోగ్రాములు ఎక్కించుట, మరమ్మతు చేయుట భారమైనది. అందుచే సిట్రిక్స్ సంస్థ 1995లో 'విన్‌ఫ్రేమ్'తో పాత బాటనే పట్టెను. ప్రోగ్రాము కేంద్రములో నడచును. దాని బొమ్మ మాత్రమే తీగ వెంట వచ్చును. మీటల నొక్కుళ్లు తిరిగి పోవును. పిమ్మట ఒక్కొక్కరికి కేంద్రములోనే పూర్తి మిథ్యా కంప్యూటరు నిచ్చు పద్ధతి వచ్చినది.

బల్లపై యంత్రము చెడినను లెక్కలు చెడవు, ఇది లాభము. కాని అడవి దారిలో తీగ తెగినచో మంచి తెరయు మూగబోవును. కావున ఈ విద్యలో యంత్రమెంత ముఖ్యమో, తీగయు నంతే ముఖ్యము.