ముత్తుకూరు తీరాన ఉప్పు లెక్క

ద్రావణాల గాఢత చరిత్రను మన పాఠ్యపుస్తకాలు మెట్ల వరుసలా చెబుతాయి. భారశాతం, నార్మాలిటీ, మొలారిటీ, మొలాలిటీ. కింది మెట్టు మొరటు, పైమెట్టు శాస్త్రం. రసాయన శాస్త్రవేత్త ఆస్ట్వాల్డ్ మోల్ అన్న మాట తేవడం, 1971లో అది అంతర్జాతీయ ప్రమాణం కావడం అందరికీ తెలిసిందే. నెల్లూరు తీరంలో ఉప్పు మడులు చూసినవాళ్లకు మాత్రం ఈ వరుస అంత సులువుగా మింగుడుపడదు.

ఉప్పు పండించేవాళ్లు 'డిగ్రీ' అనేది పారిస్ మందుల తయారీదారు ఆంట్వాన్ బోమే 1768లో గీసిన కొలత. మంచినీటిలో సున్నా, వందకు 15 పాళ్లు ఉప్పున్న నీటిలో 15. అంటే డిగ్రీ అన్నది భారశాతమే, గాజుగొట్టం మీదికి ఎక్కిందంతే. సముద్రపు నీరు మూడు, మూడున్నర డిగ్రీలు. పదమూడు దాటాక జిప్సం దిగుతుంది. పాతిక దగ్గర నీరు సంతృప్తమై ఉప్పు పేరుతుంది. ముప్పైకి చేరేలోపు మిగులు నీటిని వదిలెయ్యకపోతే మెగ్నీషియం లవణాలు కలిసి ఉప్పు చేదెక్కుతుంది, చెమ్మగిల్లుతుంది. అసంతృప్త, సంతృప్త ద్రావణాల పాఠమంతా ఒక్క మడిలో ఉంది. దాన్ని మొరటు అనడం నాకు నచ్చదు.

అసలు చిక్కు రొయ్యల గుంటలతో వచ్చింది. అది తెలియాలంటే ముందు సముద్రం సంగతి చూడాలి. సముద్రంలో ఎక్కడ ముంచినా లవణాల పాళ్లు ఒకదానికొకటి దాదాపు మారవని రసాయన శాస్త్రవేత్త ఫోర్క్‌హామర్ 1865లో చెప్పాడు. సముద్ర పరిశోధనకు వెళ్లిన ఛాలెంజర్ ఓడ తెచ్చిన 77 నమూనాలతో మరో రసాయన శాస్త్రవేత్త డిట్‌మార్ 1884లో దాన్ని గట్టిపరిచాడు. ఒక్క క్లోరైడ్‌ను కొలిచి మొత్తం ఉప్పదనం లెక్కగట్టే ధైర్యం అక్కడి నుంచే వచ్చింది. 1978 నుంచి సముద్ర శాస్త్రజ్ఞులు విద్యుత్ వాహకతతో కొలుస్తూ ఆ అంకెకు యూనిట్ రాయడమే మానేశారు. మన గుంటగట్ల మీద మాత్రం పీపీటీ, అంటే వెయ్యికి ఇన్ని పాళ్లన్న లెక్క, అలాగే నిలిచింది.

క్రీక్ నీళ్లతో టైగర్ రొయ్య పెంచిన రోజుల్లో ఆ అంకె చాలావరకు నిజమే చెప్పింది. 2009 తర్వాత వనామి రొయ్య వచ్చింది, తక్కువ ఉప్పులోనూ బతుకుతుంది కాబట్టి బోరు నీళ్లూ గుంటల్లోకి వచ్చాయి. సముద్రపు నీటిని పది పీపీటీకి పలచన చేస్తే లీటరుకు సుమారు 110 మిల్లీగ్రాముల పొటాషియం, 370 మిల్లీగ్రాముల మెగ్నీషియం ఉంటాయి. అదే పది పీపీటీ బోరు నీటిలో పొటాషియం చాలా తక్కువ ఉండొచ్చు. గట్టు మీద ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్ కాంతి వంగడాన్నే చూస్తుంది, ఏ లవణమో చూడదు. ఆ ఖనిజాలు చాలక రొయ్య గుల్ల విడవలేక చస్తుంటే అంకె మాత్రం బాగానే కనబడుతుంది. ప్రతి చావుకూ ఇదే కారణమని నేననను, వైరస్ సంగతి వేరు. అయినా అన్నిటికీ జబ్బునే తిట్టడం తొందరపాటు.

1991 నుంచి ఈ నెల్లూరు తీరాన ముత్తుకూరులోనే మత్స్య కళాశాల ఉంది, ఇవేమీ తెలియని సంగతులు కావు. అయినా ఖనిజాల బస్తాలు ఇంకా పీపీటీ చూసి గుంటలో పడుతూనే ఉన్నాయి. పొటాషియం, మెగ్నీషియం, కాల్షియం విడివిడిగా రాయని చీటీని నీటి పరీక్షగా నేను ఒప్పుకోను.