బందరు దుప్పటి మీది చెట్టు

రెండో ఏడాది డిజైన్ క్లాసులో మేడం ఇచ్చిన ప్రాజెక్టు ఒక్క వాక్యంలో ఉంది. మీ ఇంట్లో ఉన్న ఏదైనా ఒక నమూనాను ఎంచుకోండి, అది మీ ఇంటిదాకా ఎలా వచ్చిందో తెలుసుకోండి, ఆ తర్వాతే దాని మీద మీ సొంత పని చెయ్యండి. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి వాళ్ల నానమ్మ వేసే మెలికల ముగ్గు తీసుకుంది. ఇంకొకతను ఇత్తడి చెంబు మీది లతను తీసుకున్నాడు. నేను మా అమ్మమ్మ దాచిన కలంకారీ దుప్పటిని ఎంచుకున్నాను.

దాని మధ్యలో ఒక చెట్టు ఉంది. అడుగున పొలుసులు పేర్చినట్టున్న రాళ్ల గుట్ట. అందులోంచి మెలికలు తిరుగుతూ లేచిన సన్నటి కాండం. ఒక కొమ్మకు దానిమ్మ పువ్వు, పక్క కొమ్మకు తామరను పోలిన పువ్వు, ఆ పైన ఏ తోటలోనూ కనబడని పువ్వు. ఇన్ని రకాల పూలు ఒకే చెట్టుకు ఎలా చేరాయి? ఈ ప్రశ్నతోనే నా పని మొదలైంది.

జవాబు వెతుక్కుంటూ వెళ్తే పదిహేడో శతాబ్దపు బందరు రేవు ఎదురైంది. బందరు, అంటే మచిలీపట్నం, అప్పుడు గోల్కొండ కుతుబ్‌షాహీల ముఖ్యమైన ఓడరేవు. ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ 1611లో అక్కడ వర్తకశాల పెట్టింది. డచ్చివాళ్లు అంతకు కొన్నేళ్ల ముందే దిగారు. ఇద్దరికీ కావలసింది మొదట మిరియాలు, లవంగాలు. అవి పండే జావా, మొలుక్కా దీవుల్లో జనం వెండి కన్నా కోరమండల్ తీరపు రంగుల గుడ్డనే ఇష్టంగా తీసుకునేవారు. అందుకని ఓడలు ముందు బందరుకు రావలసి వచ్చింది. ఆ రోజుల్లో ఇక్కడ పనిచేసిన విలియం మెత్‌వోల్డ్ అనే ఇంగ్లిష్ వర్తకుడు, ఈ తీరపు గుడ్డల మీది చిత్రాలు కలంతో గీసినవనీ, ఎన్నిసార్లు ఉతికినా గుడ్డ చిరిగేదాకా రంగు పోదనీ రాసిపెట్టాడు.

ఆ రంగు పోకపోవడమే అప్పటి యూరప్‌కు అంతుబట్టలేదు. మా డైయింగ్ ల్యాబ్‌లో చిన్న ముక్క మీద ఆ పని చేసి చూశాక నాకు అర్థమైంది, ఇది రంగులద్దడం కన్నా వంటకు దగ్గరి విద్య. గుడ్డను ముందు కరక్కాయ నీళ్లలో, పాలలో తడిపి ఆరబెట్టాలి. పాలలోని కొవ్వు వల్ల గీసిన గీత పక్కకు పాకదు. పాత ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియబెడితే కసిం తయారవుతుంది. అది కరక్కాయ పట్టిన గుడ్డను తాకగానే నల్లబడుతుంది. ఎరుపు అంత తొందరగా బయటపడదు. ఎర్రగా ఉండాల్సిన చోట పటిక నీళ్లతో గీస్తారు. తర్వాత గుడ్డను చిరివేరు వేసిన కాగులో ఉడికిస్తే, పటిక ఉన్నచోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. నీలం కోసం మిగతా గుడ్డంతా మైనంతో కప్పి నీలిమందు తొట్టిలో ముంచేవారు. గీసేటప్పుడు కనబడని బొమ్మను మనసులో పూర్తిగా చూడగలిగినవాడే ఈ పని చెయ్యగలడు.

ఆ కలం ఒక్కో దేశానికి ఒక్కో బొమ్మ గీసింది. గోల్కొండ కొలువుకు డేరా తెరలు, ఇరాన్‌కు కమానులున్న నమాజు గుడ్డలు, సయాంకు అక్కడి కొలువు కోరిన నమూనాలు. డచ్చి ఓడల్లో జపాన్ చేరిన ముక్కలను అక్కడివాళ్లు తేనీటి వేడుకలో వాడే పాత్రలకు సంచులుగా కుట్టుకున్నారు. ఇంగ్లండుకు మంచం మీద పరిచే పెద్ద దుప్పట్లు వెళ్లాయి. 1643లో లండన్‌లోని కంపెనీ పెద్దలు సూరత్‌లోని తమ మనుషులకు రాసిన ఉత్తరం ఒకటి ఉంది. ముదురు ఎరుపు నేల ఉన్న దుప్పట్లు ఇక్కడ అంతగా అమ్ముడుపోవడం లేదు, ఇకమీదట తెల్ల నేల ఎక్కువగా ఉంచి, మధ్యలో పూలూ కొమ్మలూ రంగుల్లో వేయించండి, అవి ఎలా వేయాలన్నది చిత్రకారుడి ఇష్టం. అందులోని సారం ఇది. తర్వాతి సంవత్సరాల్లో లండన్ నుంచి నమూనాలు కూడా పంపడం మొదలైంది.

ఆ ఉత్తరం గురించి చదివాక మా దుప్పటిని మళ్లీ పరుచుకుని చూశాను. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం పండితుడు జాన్ ఇర్విన్, కేథరిన్ బ్రెట్‌తో కలిసి 1970లో వెలువరించిన పరిశోధనలో ఈ చెట్టులో ఎన్ని చేతులున్నాయో విప్పి చూపించారు. రాళ్ల గుట్ట, మెలికల కాండం పర్షియా, చైనా చిత్రాల వైపు నుంచి వచ్చాయి. కొన్ని ఆకులు, పూలు యూరప్ కుట్టుపనుల నుంచి వచ్చాయి. చైనా వస్తువుల మీద మోజుతో ఇంగ్లండులో గీసిన నమూనాలు ఇక్కడికి చేరాయి. వాటిని చైనా గానీ ఇంగ్లండు గానీ చూడని తెలుగు చేతులు మళ్లీ గీశాయి. ఆ చేతులకు గుడి తెర మీది లత తెలుసు, ఇంటి ముందరి దానిమ్మ తెలుసు. తెల్ల నేల లండన్ అడిగింది. దాన్ని ఏ పువ్వుతో నింపాలో ఇక్కడి చెయ్యి నిర్ణయించింది.

ఆ చెట్టు యూరప్‌కు ఎంత నచ్చిందంటే అక్కడి ప్రభుత్వాలు దాన్ని ఆపడానికి చట్టాలు చేశాయి. ఉన్ని, పట్టు నేతగాళ్లు గోల చేయడంతో ఫ్రాన్స్ ఈ రంగుల గుడ్డను 1686 నుంచి 1759 దాకా నిషేధించింది. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, 1721లో మరింత కఠినమైన చట్టం తెచ్చింది. 1742లో కేర్దూ అనే ఫ్రెంచి మతగురువు ఇక్కడి పనివాళ్ల దగ్గర అడిగి తెలుసుకున్న అద్దకం పద్ధతిని వివరంగా రాసి తన దేశానికి పంపాడు. తర్వాత యంత్రాల అచ్చు వచ్చింది. 1864 నాటి తుఫాను ఉప్పెనలో బందరులోనూ చుట్టుపక్కలా సుమారు 30,000 మంది పోయారు. 1869 నాటికి జర్మన్ రసాయనవేత్తలు వేరు అవసరం లేకుండానే ఆ ఎరుపును ప్రయోగశాలలో తయారుచేశారు. అన్ని దెబ్బలు తిన్నాక కూడా ఆ చెట్టు మిగలడమే నాకు గొప్పగా అనిపిస్తుంది.

అది ఎలా మిగిలిందో చూద్దామని బందరు దగ్గరి పెడన వెళ్లాను. అక్కడ కలం బదులు టేకు అచ్చులు. పొడవాటి బల్ల మీద మెత్త పరిచి, కరక్కాయ పట్టిన గుడ్డ వేసి, అచ్చు మీద పిడికిలితో ఒక్కటి వేస్తారు. రాగి కాగుల్లో జాజి ఆకు వేసి ఉడికిస్తారు. బల్ల దగ్గరున్న పెద్దాయనను అడిగాను, "ఈ చెట్టు ఎవరు గీశారు బాబాయ్?" ఆయన అచ్చు పక్కన పెట్టి చెప్పాడు, "ఎవరని చెప్పేదమ్మా? అచ్చు అరిగినప్పుడల్లా కొత్తది చెక్కిస్తాం. అప్పుడో పువ్వు మారుద్ది. కొనేవాళ్లు అడిగింది కొంత, మాకు తోచింది కొంత."

శ్రీకాళహస్తిలో కలం ఇంకా కలమే. 1950ల చివర్లో కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో అక్కడ శిక్షణ కేంద్రం వచ్చింది. అందులోంచి వచ్చిన తరం వల్లే రామాయణం తెరలు, బొమ్మల కింద తెలుగు రాతలు మన దాకా చేరాయి. జొన్నలగడ్డ గురప్ప చెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. అక్కడ ఒక ఇంట్లో పెద్దావిడ నా చేత కలం పట్టించింది. వెదురు పుల్ల, దాని నడుమ ఉన్ని చుట్టి దారంతో కట్టిన ముడి. "ముడిని నొక్కమ్మాయ్, పుల్లను కాదు. పుల్ల దానంతటదే నడుస్తది" అంది.

మా క్లాసులో అందరం వాడే మాట ఒకటుంది: ఇన్‌స్పిరేషన్ రావాలి. తలుపేసుకుని కూర్చుంటే లోపలి నుంచి ఏదో పుట్టుకొస్తుందని ఎదురుచూస్తాం. బందరు చిత్రకారుడికి ఆ వెసులుబాటు లేదు. ఎక్కడో ఉన్న కొనుగోలుదారు కోరిక, ఓడలో వచ్చిన కాగితం, ఆ ఏటి చిరివేరు, వీటి మధ్యనే ఆయన తన పువ్వును కనిపెట్టాడు. అడిగినది గీశాడు కాబట్టి ఆయన కళాకారుడు కాకుండా పోలేదు. ఏది ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకుని, తనది ఏదో దానికి కలిపినవాడు కళాకారుడే.

నా ప్రాజెక్టులో ఆ చెట్టునే గీశాను. రాళ్ల గుట్టను, మెలికల కాండాన్ని అలాగే ఉంచాను. కొమ్మల్లో మా వీధి మునగ పువ్వు, కాలేజీ వెనక గుట్ట మీది తంగేడు చేర్చాను. తంగేడు పసుపును కరక్కాయ పువ్వుతో వేశాను. పక్కన పెట్టిన చీటీలో నా పేరు కన్నా ముందు పర్షియా, చైనా, లండన్, బందరు, పెడన, కాళహస్తి అని వరుసగా రాశాను. ఇక మీదట నేను గీసే ప్రతి పనికీ ఇలాంటి చీటీ ఉంటుంది. ఆ వరుస ఎంత పొడుగైతే, చివర్లో నేను కలిపిన పువ్వుకు అంత బాధ్యత ఉంటుందని నా నమ్మకం.