బేతంచెర్ల నాపరాతి గనులు: తవ్వకానికి ముందే పర్యావరణ రక్షణ

(ప్రత్యేక వ్యాసం)

బేతంచెర్ల పేరు చెప్పగానే నాపరాయి గుర్తుకు వస్తుంది. ఈ ప్రాంతపు నాపరాళ్లు ఇళ్ల నేలలకు, అరుగులకు, మెట్లకు, ప్రహరీ గోడలకు తరతరాలుగా ఉపయోగపడుతున్నవి. గనులు, పాలిష్ ఫ్యాక్టరీలు, లారీ రవాణా కలసి వేలాది కుటుంబాలకు జీవనాధారమైనవి. లోతట్టు సొరంగ గనులకు భిన్నంగా ఇక్కడి తవ్వకమంతా ఆకాశం కింద, నేలను తెరచి జరుగుతుంది. కాబట్టి బొగ్గు ఉపరితల గనుల విషయంలో తలెత్తే ప్రశ్నలన్నీ చిన్న పరిమాణంలో ఇక్కడా తలెత్తుతాయి. తీసిన మట్టిని ఎక్కడ వేయాలి, దుమ్మును ఎట్లా అణచాలి, బావులలో నీరు ఏమవుతుంది, రాయి అయిపోయిన తరువాత గుంత ఎవరి బాధ్యత అనేవి వాటిలో ముఖ్యమైనవి. ఈ ప్రశ్నలకు గని తెరవక ముందే సమాధానం రాసి ఉంచడమే పర్యావరణ యాజమాన్యం. గని తెరచిన తరువాత మిగిలేది నష్టపరిహారపు లెక్క మాత్రమే.

శిల స్వభావం

బేతంచెర్ల మండలం 2022 ఏప్రిల్ 4 నుండి నంద్యాల జిల్లాలో అంతర్భాగం. అంతకు ముందు అది కర్నూలు జిల్లాలో ఉండేది. ఎర్రమల కొండలను ఆనుకొని ఉన్న ఈ ప్రాంతం భూగర్భ శాస్త్రవేత్తలు కర్నూలు వర్గంగా పేర్కొనే శిలల మీద నెలకొన్నది. ఆ వర్గంలో బనగానపల్లె క్వార్ట్జైట్ పైన నార్జి సున్నపురాయి, దాని పైన ఔకు షేల్, పాణ్యం క్వార్ట్జైట్, కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేల్ వరుసగా పేరుకొని ఉన్నవి. కడప జిల్లాలోని నార్జి గ్రామం పేరిట పిలువబడే ఈ సున్నపురాయి పలుచని పొరలుగా, దాదాపు సమతలంగా పరచుకొని ఉంటుంది. పొర వెంట చీల్చితే పలకగా విడివడుతుంది. గునపం, సుత్తి, ఉలి చేతబట్టిన కార్మికుని నైపుణ్యంతో మొదలైన ఈ పని నేడు కోత యంత్రాల సాయంతో సాగుతున్నది.

ఇక్కడ ఒక భేదాన్ని గమనించవలసి ఉన్నది. సిమెంటు తయారీకి వాడే సున్నపురాయి చట్టరీత్యా ప్రధాన ఖనిజం. పలకలుగా తీసే నాపరాయి చిన్నతరహా ఖనిజం కావడం వల్ల 1966 నాటి ఆంధ్రప్రదేశ్ చిన్నతరహా ఖనిజాల రాయితీ నియమావళి పరిధిలోకి వస్తుంది. రెండూ ఒకే మండలంలో, ఒకే శిలలో లభించినప్పటికీ లీజు విధానము, సీనరేజి, పర్యవేక్షణ వేర్వేరు. వార్తలలో ఈ రెండింటిని కలిపి రాయడం వల్ల తరచుగా అయోమయం కలుగుతున్నది.

గుహల నేల

సున్నపురాయి నీటిలో నెమ్మదిగా కరుగుతుంది. లక్షల సంవత్సరాల ఈ కరుగుదల వల్లనే ఈ జిల్లాలో గుహలు ఏర్పడినవి. కొలిమిగుండ్ల సమీపంలోని బెలుం గుహలు పర్యాటకులందరికీ తెలిసినవే. బేతంచెర్లకు సమీపంలో ఉన్న బిల్లసుర్గం గుహలు అంతకంటె తక్కువగా తెలిసినా శాస్త్ర ప్రపంచంలో వాటి స్థానం విశిష్టమైనది. 1844లో కెప్టెన్ న్యూబోల్డ్ వీటిని గూర్చి రాశారు. 1884, 1885 సంవత్సరాలలో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ ఫుట్ తవ్వకాలు జరిపారు. గుహలకు వారు పెట్టిన కెథెడ్రల్, చార్నెల్ హౌస్, పర్గెటరీ వంటి పేర్లు నేటికీ వాడుకలో ఉన్నవి. అక్కడ లభించిన జంతు శిలాజాలను రిచర్డ్ లిడెక్కర్ 1886లో వర్ణించారు. వాటిలో ఒక ఖడ్గమృగ జాతికి కర్నూలు పేరిట ‘రైనోసెరస్ కర్నూలియెన్సిస్’ అని నామకరణం చేశారు. ఇదే ప్రాంతంలోని ముచ్చట్ల చింతమాను గవిలో 1970వ దశకంలో పాతరాతి యుగపు చివరి దశకు చెందిన పనిముట్లు, పొయ్యి ఆనవాళ్లు బయటపడినవి.

బిల్లసుర్గం గుహలు ఏర్పడినది నార్జి సున్నపురాయిలోనే. మనం పలకలుగా కోసి అమ్ముతున్నదీ, దేశపు ప్రాచీన చరిత్రను దాచుకొన్నదీ ఒకే శిల అన్నమాట. అందుచేత ఈ ప్రాంతంలో గని సరిహద్దు గీయడమంటే కేవలం సర్వే నంబరును గుర్తించడం కాదు. బనగానపల్లె మండలంలోని జ్వాలాపురం అనుభవం ఇందుకు హెచ్చరికగా నిలుస్తున్నది. సుమారు 74 వేల సంవత్సరాల క్రితం ఇండోనేషియాలోని టోబా అగ్నిపర్వతం వెదజల్లిన బూడిద పొర అక్కడ ఉన్నట్లు, దాని కింద, పైన మానవ నివాసపు రాతి పనిముట్లు ఉన్నట్లు 2007లో అంతర్జాతీయ పరిశోధక బృందం ప్రకటించింది. ఆ బూడిదనే స్థానికంగా తవ్వి విక్రయించడం వల్ల పరిశోధనకు ఆధారమైన పొరలు కొంతమేర నశించినవి. పోయిన పొరను తిరిగి పరచడం ఎవరి తరమూ కాదు.

ప్రభావం ఎక్కడెక్కడ?

నాపరాతి తవ్వకం వల్ల కలిగే ప్రభావాన్ని నాలుగు విధాలుగా చూడవచ్చును.

మొదటిది నేల. పలకకు పనికివచ్చే పొరను చేరడానికి పైనున్న సాగు మట్టిని, శిథిల శిలను తొలగించాలి. పగిలిన, మందం సరిపోని రాయి వ్యర్థంగా మిగులుతుంది. సాగు మట్టిని, రాళ్లను కలిపి ఒకే కుప్పగా పోస్తే ఆ మట్టి మళ్లీ పంటకు పనికిరాదు. వాలు సరిచేయని కుప్పల నుండి వానకు కొట్టుకుపోయిన మట్టి వంకలలోను, చెరువులలోను పూడికగా చేరుతుంది. వర్షపాతం తక్కువగా ఉండే రాయలసీమలో చెరువు పూడిపోవడం ఆయకట్టు రైతుకు తీరని నష్టం.

రెండవది నీరు. సున్నపురాతి నేలలో భూగర్భ జలం పగుళ్ల వెంట, సన్నని బిలాల వెంట ప్రవహిస్తుంది. గనిలో ఊరే నీటిని మోటార్లతో తోడివేస్తే చుట్టుపక్కల బావుల మట్టం తగ్గే అవకాశం ఉంటుంది. ఈ నేలలో మట్టి వడపోత తక్కువ కనుక పాడుబడిన గుంతలో పారవేసిన వ్యర్థం దూరపు బావికి సైతం చేరగలదు. పాత గుంతలను చెత్తకుప్పలుగా వాడడం ఇతర నేలల కంటె ఇక్కడ ఎక్కువ ప్రమాదకరం.

మూడవది పాలిష్ ఫ్యాక్టరీల స్లర్రీ. రాయిని కోసి, నునుపు చేసేటప్పుడు వాడిన నీటితో కలసి వెలువడే తెల్లని బురద ఇది. తడిగా ఉన్నప్పుడు కాలువలను పూడ్చుతుంది. ఎండిన తరువాత గాలికి లేచి ఇళ్ల మీద, పైర్ల మీద పేరుకొంటుంది. పొలంలో చేరితే నేలలోని సూక్ష్మ రంధ్రాలు మూసుకుపోయి నీరు ఇంకదు. వరుస తొట్లలో బురదను తేర్చి, పైనీటిని తిరిగి కోత యంత్రాలకే వాడుకొంటే నీటి ఖర్చు కూడా తగ్గుతుంది. ఇది పెద్ద పెట్టుబడి అవసరం లేని పరిష్కారం.

నాలుగవది దుమ్ము, ధ్వని, కంపనం. 2009 నవంబరులో ప్రకటించిన జాతీయ వాయు నాణ్యతా ప్రమాణాల ప్రకారం పది మైక్రాన్ల లోపు ధూళి కణాలు 24 గంటల సగటున ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు మించరాదు. పొడిగా రాయిని కోసే చోట మొదట నష్టపోయేది కార్మికుని ఊపిరితిత్తులే. రాతిలోని సిలికా పాలు పొరను బట్టి మారుతుంది కనుక తడి కోత, ముక్కుకు రక్షణ తొడుగు, నిర్ణీత కాలానికొక వైద్య పరీక్ష తప్పనిసరి. పేలుడు వల్ల పలక పగిలిపోతుంది కాబట్టి ఈ గనులలో దాని వాడకం పరిమితం. అయినను గట్టి పైపొరను తొలగించడానికి వాడినప్పుడు కంపన పరిమితులు వర్తిస్తాయి. గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ 1997లో జారీ చేసిన సర్క్యులర్ ప్రకారం తక్కువ పౌనఃపున్యంలో సాధారణ ఇళ్లకు సెకనుకు 5 మిల్లీమీటర్లు, చారిత్రక కట్టడాల వంటి సున్నిత నిర్మాణాలకు 2 మిల్లీమీటర్లు పరిమితి. గుహల సమీపంలో ఈ రెండవ పరిమితినే ప్రమాణంగా గ్రహించడం వివేకం.

చట్టం పరిణామం

కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2006 సెప్టెంబరు 14న జారీ చేసిన పర్యావరణ ప్రభావ మదింపు ప్రకటన మొదట 5 హెక్టార్లు, అంతకు మించిన గనులకే వర్తించింది. ఫలితంగా దేశంలో పలుచోట్ల పెద్ద విస్తీర్ణాన్ని 5 హెక్టార్ల లోపు ముక్కలుగా విభజించి లీజులు పొందే ధోరణి ప్రబలింది. దీపక్ కుమార్ కేసులో 2012 ఫిబ్రవరి 27న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ఈ వెసులుబాటుకు తెరదించింది. 5 హెక్టార్ల లోపు చిన్నతరహా ఖనిజ లీజులకు సైతం పర్యావరణ అనుమతి అవసరమని స్పష్టం చేసింది.

తదుపరి 2016 జనవరి 15న వెలువడిన సవరణ చిన్న లీజుల కోసం జిల్లా స్థాయి మదింపు సంస్థలను ఏర్పరచింది. దీనిపై జాతీయ హరిత ట్రిబ్యునల్ 2018 సెప్టెంబరు 13న ఆదేశాలు జారీ చేసింది. జిల్లా సంస్థలు ఇచ్చిన అనుమతులను రాష్ట్ర స్థాయి సంస్థ పునఃపరిశీలించే ప్రక్రియను వివరిస్తూ కేంద్ర మంత్రిత్వ శాఖ 2023 ఏప్రిల్ 28న ఉత్తర్వులు ఇచ్చింది.

2016 సవరణలో బేతంచెర్ల వంటి ప్రాంతాలకు అత్యంత ప్రధానమైనది సమూహ భావన. ఒకే రకపు ఖనిజ లీజుల సరిహద్దుల మధ్య దూరం 500 మీటర్ల లోపు ఉంటే వాటిని ఒక సమూహంగా పరిగణించాలి. ఒక్కొక్క గని వేసే మట్టి కుప్ప చిన్నదే కావచ్చును. ఒకే వంక పరీవాహక ప్రాంతంలోని గనులన్నిటి కుప్పలు కలిస్తే ఆ వంక దారే మారిపోవచ్చును. కనుక ప్రభావాన్ని లీజువారీగా గాక సమూహంగా లెక్కించడమే న్యాయమైన పద్ధతి.

బొగ్గు గనుల అనుభవం

గోదావరి లోయలో సింగరేణి సంస్థ నిర్వహించే ఉపరితల బొగ్గు గనులతో నాపరాతి గనులకు పరిమాణంలో పోలిక లేదు. అయినను పద్ధతిలో గ్రహించదగినవి ఉన్నవి. బొగ్గు గనిలో పైమట్టిని విడిగా తీసి భద్రపరచడం, తీసిన మట్టితోనే ఖాళీ అయిన భాగాన్ని పూడ్చుతూ ముందుకు సాగడం, కుప్పలను మెట్లుగా మలచి మొక్కలు నాటడం ప్రణాళికలో భాగం. బొగ్గు మంత్రిత్వ శాఖ 2009 ఆగస్టులో జారీ చేసిన మార్గదర్శకాలు గని మూసివేతకు ముందుగానే డబ్బు జమచేసే విధానాన్ని ప్రవేశపెట్టినవి. నాటి ధరల ప్రకారం ఉపరితల గనికి హెక్టారుకు 6 లక్షల రూపాయల చొప్పున ఎస్క్రో ఖాతాలో జమచేయాలని నిర్దేశించినవి. ఆ మొత్తం తరువాత సవరించబడింది.

ఇందులోని సూత్రం సరళమైనది. గని లాభసాటిగా నడుస్తున్నప్పుడే దాని మూసివేత ఖర్చును పక్కన పెట్టాలి. రాయి అయిపోయి లీజుదారు వెళ్లిపోయిన తరువాత గుంత చుట్టూ కంచె వేయడానికి సైతం గ్రామం వద్ద నిధులు ఉండవు. చిన్న లీజుదారు ఒంటరిగా ఈ భారం మోయలేడు. సమూహంలోని లీజుదారులందరూ ఉమ్మడిగా మట్టి నిల్వ స్థలాన్ని, తేర్పు తొట్లను, మూసివేత నిధిని ఏర్పరచుకొంటే భారం పంచుకోబడుతుంది.

ప్రజాభిప్రాయ సేకరణ

ప్రజాభిప్రాయ సేకరణ వర్తించే ప్రతిపాదనలలో కాలుష్య నియంత్రణ మండలి కనీసం 30 రోజుల ముందు జాతీయ దినపత్రికలోను, ప్రాంతీయ భాషా దినపత్రికలోను ప్రకటన ఇవ్వాలి. ముసాయిదా నివేదిక ప్రతులు కలెక్టరు కార్యాలయంలో, జిల్లా పరిషత్తులో, స్థానిక సంస్థల వద్ద అందుబాటులో ఉంచాలి. సభకు కలెక్టరు గాని, అదనపు జిల్లా మేజిస్ట్రేటు హోదాకు తగ్గని అధికారి గాని అధ్యక్షత వహిస్తారు. కార్యక్రమాన్ని వీడియో తీయాలి. సభ ముగింపులో నమోదైన అంశాలను స్థానిక భాషలో చదివి వినిపించాలి. హాజరుకు కనీస సంఖ్య అంటూ లేదు. కాబట్టి ఒక్క రైతు లేచి తన బావి గురించి చెప్పినా అది నమోదు కావాలి, దరఖాస్తుదారు దానికి సమాధానం ఇవ్వాలి.

పత్రికా ప్రతినిధులు, అధికారులు పరిశీలించదగిన అంశాలు

1. ప్రతిపాదిత గనికి 500 మీటర్ల లోపు అదే ఖనిజపు ఇతర లీజులు ఉన్నవా? ఉన్నచో సమూహ ప్రణాళిక రూపొందినదా?

2. గుహలు, ప్రాచీన నివాస స్థలాలు, వంకలు, చెరువులు పటంలో చూపబడినవా?

3. సాగు మట్టికి, వ్యర్థపు రాళ్లకు వేర్వేరు స్థలాలు కేటాయించారా?

4. తవ్వకానికి ముందు పరిసర బావుల నీటి మట్టం, నీటి నాణ్యత నమోదు చేశారా? ఈ నమోదు లేనిదే తరువాతి ఫిర్యాదుకు గాని, ఖండనకు గాని ఆధారం ఉండదు.

5. అనుమతి షరతుల అమలుపై ఏటా జూన్ 1న, డిసెంబరు 1న సమర్పించవలసిన అర్ధ వార్షిక నివేదికలు అందుతున్నవా?

6. మూసివేత తరువాత గుంత నీటి నిల్వకా, పూడ్చివేతకా? ఆ ఖర్చు ఎవరిది, ఎక్కడ జమ అయినది?

నాపరాయి బేతంచెర్లకు అన్నం పెట్టిన రాయి. ఆ ఉపాధి నిలవాలి. దానితోపాటు పక్క పొలంలో పంట, బావిలో నీరు, బిల్లసుర్గం గుహలలో లక్షల ఏళ్ల ఆనవాళ్లు కూడా నిలవాలి. పై ఆరు ప్రశ్నలకు లీజు మంజూరుకు ముందే లిఖితపూర్వక సమాధానం లభించిన చోట ఈ రెండూ సాధ్యమే.