హాస్టల్ రూమ్: బీటెక్ ఫస్టియర్‌లో చేరుతున్నారా? రూమ్, రూమ్‌మేట్ విషయంలో ఈ పొరపాటు చేయకండి!

కౌన్సెలింగ్‌లో సీటు వచ్చింది.. కాలేజీలో రిపోర్ట్ చేయడం కూడా అయిపోయింది.. ఇక మిగిలింది హాస్టల్. ఏ కాలేజీ, ఏ బ్రాంచ్ అని నెలల తరబడి ఆలోచించిన ఇళ్లలో కూడా ఈ ఒక్క నిర్ణయం అరగంటలో అయిపోతుంది. బిల్డింగ్ కొత్తగా ఉందా, మనూరి పిల్లలు ఎవరైనా ఉన్నారా అని చూసి అడ్వాన్స్ కట్టేస్తారు. అసలు ఇబ్బంది ఆ తర్వాతే మొదలవుతుంది. హాస్టల్ అంటే గోడలు, మంచాలు కాదు.. రాత్రి పది దాటాక అక్కడ ఏం జరుగుతుందన్నదే ముఖ్యం. రూమ్‌మేట్ విషయంలోనూ అంతే. ఎవరు అన్నదాని కంటే ఎప్పుడు పడుకుంటారు, ఎప్పుడు లేస్తారు అన్నదే ఎక్కువ లెక్కలోకి వస్తుంది. ఏమేం చూసుకోవాలో తెలుసుకుందాం.

ఇంటర్ హాస్టల్ వేరు.. ఇది వేరు

తెలుగు రాష్ట్రాల్లో చాలామంది పిల్లలకు హాస్టల్ కొత్తేమీ కాదు. ఇంటర్ రెండేళ్లూ రెసిడెన్షియల్ కాలేజీల్లో ఉండి వచ్చినవాళ్లే ఎక్కువ. అందుకే ‘మావాడికి హాస్టల్ అలవాటేలే’ అని పేరెంట్స్ ధీమాగా ఉంటారు. కానీ అక్కడ పొద్దున్నే బెల్లు కొట్టి లేపేవారు. స్టడీ అవర్స్ ఉండేవి, ఫోన్ ఉండేది కాదు, లైట్లు ఎప్పుడు ఆర్పాలో వార్డెన్ చెప్పేవారు. బీటెక్‌లో ఇవేవీ ఉండవు. చేతిలో ఫోన్, రూమ్‌లో వైఫై ఉంటాయి, లేపేవాళ్లు మాత్రం ఉండరు. ఇలాంటి చోట పక్క మంచం మీద ఉన్నవాళ్ల అలవాటే బెల్లులా పనిచేస్తుంది. వాళ్లు రెండింటి దాకా మేల్కొంటే మీరూ మేల్కొంటారు, వాళ్లు ఫస్ట్ అవర్ ఎగ్గొడితే మీకూ లేవబుద్ధి కాదు.

దీని ప్రభావం నేరుగా అటెండెన్స్ మీద పడుతుంది. జేఎన్టీయూ హైదరాబాద్ నిబంధనల ప్రకారం సెమిస్టర్‌లో మొత్తం మీద 75 శాతం హాజరు ఉండాలి. 65 నుంచి 75 శాతం మధ్య ఉంటే సరైన కారణం చూపించి, ఫీజు కట్టి మినహాయింపు కోరాలి. 65 కంటే తగ్గితే సెమిస్టర్ పరీక్షలు రాయనివ్వరు. నిద్ర మత్తులో పోయిన ఫస్ట్ అవర్లే చివరికి ఇక్కడిదాకా తెస్తాయి.

కాలేజీ హాస్టలా? ప్రైవేట్ హాస్టలా?

కాలేజీ హాస్టల్‌లో ప్రయాణం ఉండదు, లైబ్రరీ దగ్గర ఉంటుంది, వార్డెన్ కాలేజీకి జవాబుదారీగా ఉంటారు. అయితే అవుట్‌పాస్ రూల్స్ గట్టిగా ఉంటాయి. మెస్ నచ్చకపోయినా ఏడాది డబ్బు ముందే కట్టించుకునే కాలేజీలు ఉన్నాయి. హైదరాబాద్‌లో అమీర్‌పేట, ఎస్ఆర్ నగర్, కేపీహెచ్‌బీ, దిల్‌సుఖ్‌నగర్ లాంటి చోట్ల ప్రైవేట్ హాస్టళ్లు వీధికి నాలుగు కనిపిస్తాయి. నచ్చకపోతే మారే వీలుంటుంది. కానీ అక్కడ ఉద్యోగాలు చేసేవాళ్లు, కోచింగ్‌కు వచ్చినవాళ్లు, స్టూడెంట్స్ అందరూ కలిసే ఉంటారు. నైట్ షిఫ్ట్ చేసే వ్యక్తితో ఫస్టియర్ స్టూడెంట్‌కు రూమ్ కుదరడం కష్టం. ‘మా అబ్బాయికి స్టూడెంట్స్ ఉన్న రూమే ఇవ్వండి’ అని ముందే అడగాలి.

ఊరికి దూరంగా ఉండే కాలేజీలకు బస్సులో వెళ్లి రావాలంటే రోజుకు ఎంతసేపు పడుతుందో లెక్క వేసుకోండి. రోజుకు మూడు గంటలు బస్సులోనే గడిస్తే, చవగ్గా దొరికిన రూమ్ చవకైనట్టు కాదు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివేవాళ్లు ఒక విషయం గుర్తుంచుకోవాలి. అది ట్యూషన్ ఫీజుకు సంబంధించింది, హాస్టల్ ఖర్చు అందులో రాదు. ఖర్చు భారం అనుకునే కుటుంబాలు ఎస్సీ, ఎస్టీ, బీసీ సంక్షేమ శాఖల పోస్ట్‌మెట్రిక్ హాస్టళ్ల గురించి తప్పకుండా కనుక్కోవాలి. సీట్లు పరిమితం కాబట్టి కాలేజీలో చేరగానే దరఖాస్తు పెట్టుకోవడం మంచిది.

చూడ్డానికి సాయంత్రం వెళ్లండి

చాలామంది హాస్టల్‌ను ఆదివారం మధ్యాహ్నం చూస్తారు. ఆ రోజు మెస్‌లో చికెన్ ఉంటుంది, పిల్లలు సగం మంది ఊళ్లో ఉండరు, అంతా ప్రశాంతంగా కనిపిస్తుంది. మామూలు రోజున సాయంత్రం ఏడు తర్వాత వెళ్తే అసలు సంగతి తెలుస్తుంది. అప్పుడు ఇవి చూడండి..

* నీళ్లు: పొద్దున ఏడింటికి అందరూ ఒకేసారి స్నానానికి వెళ్లినప్పుడు నీళ్లు వస్తాయా? ఒక బాత్రూమ్‌కు ఎంతమంది? ఎండాకాలంలో ట్యాంకర్ తెప్పిస్తారా?
* మెస్: ఆ రోజు వండిన కూర తినండి. ఆహారం వండి పెట్టే మెస్‌కు ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ లేదా లైసెన్స్ ఉండాలి. ఆ 14 అంకెల నంబర్ ఎక్కడ పెట్టారో అడగండి.
* మెట్లు, తలుపులు: రాత్రి గేటుకు తాళం వేస్తే తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుంది? మంటలు అంటుకుంటే బయటకు రావడానికి రెండో దారి ఉందా? కిటికీలన్నిటికీ గ్రిల్స్ బిగించి, ఒకటే మెట్ల దారి ఉన్న బిల్డింగ్ ఎంత కొత్తదైనా ఆలోచించాల్సిందే.
* వార్డెన్: రాత్రి అక్కడే ఉంటారా? లేక ఫోన్ నంబర్ మాత్రమే ఉంటుందా? అర్ధరాత్రి జ్వరం వస్తే హాస్పిటల్‌కు ఎవరు తీసుకెళ్తారు?
* కరెంటు: ఇన్వర్టర్ ఫ్యాన్‌కు కూడా ఉందా, లైట్‌కేనా? ఏసీ రూమ్ అయితే బిల్లు ఎవరు కట్టాలి?

అన్నిటికంటే పనికొచ్చేది ఓనర్ చెప్పే మాట కాదు. అక్కడే ఉంటున్న ఇద్దరు ముగ్గురు స్టూడెంట్స్‌ను పక్కకు పిలిచి, ‘వచ్చే ఏడాది కూడా ఇక్కడే ఉంటారా?’ అని ఒక్క ప్రశ్న అడగండి. జవాబు కంటే ముందు వాళ్ల మొహమే చెప్పేస్తుంది.

డబ్బు కట్టే ముందు..

మొదటి విడతలో సీటు వచ్చినంత మాత్రాన అదే ఫైనల్ అనుకోవద్దు. తర్వాతి విడతలో మళ్లీ ఆప్షన్లు పెట్టుకుంటే కాలేజీ మారిపోవచ్చు. కాబట్టి కౌన్సెలింగ్ పూర్తయ్యేదాకా ఏడాది హాస్టల్ ఫీజు ఒకేసారి కట్టకపోవడమే మేలు. కట్టక తప్పకపోతే, మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారో రాసి ఇవ్వమని అడగండి. ప్రైవేట్ హాస్టల్ అయితే అడ్వాన్స్‌లో మెయింటెనెన్స్ కింద ఎంత కట్ చేస్తారు, ఖాళీ చేయడానికి ఎన్ని రోజుల ముందు చెప్పాలి అనేవి తేల్చుకోండి. రసీదు తప్పకుండా తీసుకోండి.

జీఎస్టీ పేరుతో అదనంగా అడిగితే వెంటనే ఇచ్చేయకండి. నెలకు ఒక్కొక్కరికి రూ.20 వేల లోపు వసతి ఛార్జీ ఉండి, వరుసగా కనీసం 90 రోజులు ఉంటే హాస్టల్ వసతికి జీఎస్టీ మినహాయింపు ఇస్తూ 2024 జులైలో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. అలాగే ఒరిజినల్ సర్టిఫికెట్లు హాస్టల్ వాళ్ల దగ్గర పెట్టకండి. ఐడీ ప్రూఫ్ కోసం జిరాక్స్ చాలు.

2 షేరింగా? 4 షేరింగా?

డబ్బు పక్కన పెడితే రెండింటిలోనూ లాభనష్టాలు ఉన్నాయి. 2 షేరింగ్‌లో ప్రశాంతత ఎక్కువ. కానీ ఆ ఒక్కరితో కుదరకపోతే మాట్లాడటానికి ఇంకెవరూ ఉండరు. 4 షేరింగ్‌లో గోల ఎక్కువ, చదువుకోవడానికి లైబ్రరీకో, స్టడీ రూమ్‌కో వెళ్లాల్సి వస్తుంది. కానీ ఇల్లు గుర్తొచ్చి దిగులు పడేవాళ్లకు నలుగురి మధ్య ఉండటమే ధైర్యం. 3 షేరింగ్ తీసుకునేవాళ్లు మాత్రం ఒకటి గమనించాలి. ఇద్దరు ముందే ఫ్రెండ్స్ అయితే మూడో వ్యక్తి ఒంటరి అయిపోయే అవకాశం ఉంది.

ఫ్రెండే రూమ్‌మేట్ కావాలా?

ఇంటర్ ఫ్రెండ్, మనూరివాళ్లు, మన జిల్లావాళ్లు.. ఎక్కువమంది వెతికేది ఇలాగే. తెలిసినవాళ్లు ఉంటే మొదటి వారం తేలిగ్గా గడిచిపోతుంది, అందులో అనుమానం లేదు. కానీ క్లాసులో మంచి ఫ్రెండ్ రూమ్‌లో మంచి రూమ్‌మేట్ అవుతారన్న గ్యారంటీ లేదు. పైగా ఫ్రెండ్‌తో ఇబ్బంది వస్తే మొహమాటం అడ్డొస్తుంది. లైట్ ఆర్పమని చెప్పలేక, అప్పు తిరిగి అడగలేక లోపలే నలిగిపోతారు. చివరికి రూమ్ పోతుంది, ఫ్రెండ్‌షిప్పూ పోతుంది.

రూమ్‌మేట్ ప్రభావం ఎంత ఉంటుందనే దానిపై విదేశాల్లో పరిశోధనలు కూడా జరిగాయి. అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో రూమ్‌మేట్లను లాటరీలా కేటాయించేవారు. ఆ వివరాలను పరిశీలించిన ఆర్థికవేత్త బ్రూస్ సాసర్డోట్, రూమ్‌మేట్ ప్రభావం ఫస్టియర్ మార్కుల మీద కనిపిస్తుందని 2001లో ప్రచురించారు. అదే దేశంలోని బెరియా కాలేజీలో జరిగిన మరో పరిశోధనలో ఇంకాస్త ఆసక్తికరమైన విషయం బయటపడింది. వీడియో గేమ్ తెచ్చుకున్న రూమ్‌మేట్ పక్కన పడ్డ విద్యార్థులు చదివే సమయం తగ్గింది, మార్కులూ తగ్గాయి. మన హాస్టళ్లలో ఆ గేమ్ బాక్స్ స్థానంలో ఫోన్ ఉంది.. అంతే తేడా.

అందుకే ఊరు, కులం, భాష చూసి కాకుండా అలవాట్లు చూసి ఎంచుకోవడం మంచిది. కాలేజీయే రూమ్ అలాట్ చేస్తే ఎంచుకునే అవకాశం ఉండకపోవచ్చు. అప్పుడు కింద చెప్పిన పని మరింత అవసరం.

మొదటి రోజే మాట్లాడుకోవాల్సిన 7 విషయాలు

1. రాత్రి లైట్ ఎన్నింటికి ఆర్పాలి? ఆ తర్వాత చదివేవాళ్లు టేబుల్ ల్యాంప్ వాడతారా?
2. పొద్దున అలారం ఎన్నిసార్లు మోగొచ్చు?
3. ఫోన్ కాల్స్ రూమ్‌లోనా, బయటనా? వీడియోలు, గేమ్స్‌కు ఇయర్‌ఫోన్స్ తప్పనిసరా?
4. ఊడవడం, చెత్త తీయడం ఎవరి వంతు ఎప్పుడు?
5. బట్టలు, ఛార్జర్, బకెట్, ఇంటినుంచి వచ్చిన పచ్చళ్లు.. ఏవి అందరివి, ఏవి ఎవరివి వాళ్లవి?
6. బయటి ఫ్రెండ్స్ రూమ్‌కు రావొచ్చా? ఎన్నింటి దాకా?
7. సిగరెట్, మందు రూమ్‌లోకి రాకూడదన్న మాట.

ఇవన్నీ అడిగితే ఏమనుకుంటారో అని మొహమాట పడొద్దు. మొదటి రోజు నవ్వుతూ మాట్లాడుకోవాల్సినవే, నెల తర్వాత గొడవగా మారతాయి. డబ్బు విషయంలో ఇంకో జాగ్రత్త.. యూపీఐ పిన్, ఏటీఎం పిన్ ఎంత దగ్గరి ఫ్రెండ్‌కైనా చెప్పకూడదు.

కుదరకపోతే ఏం చేయాలి?

మొదటి రెండు వారాల్లో చిరాకు ఎవరికైనా ఉంటుంది. ఇల్లు వదిలిన బెంగను రూమ్‌మేట్ మీద చూపించేవాళ్లూ ఉంటారు. కాబట్టి వెంటనే రూమ్ మార్చమనకుండా ముందు ఆ ఒక్క విషయాన్ని నేరుగా చెప్పండి. ‘నువ్వు ఎప్పుడూ ఇంతే’ అనే బదులు ‘పదకొండు తర్వాత స్పీకర్ వద్దు’ అంటే సరిపోతుంది. నెల దాటినా మార్పు లేకపోతే వార్డెన్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. రూమ్ మార్చుకోవడం ఓటమి కాదు.

గొడవ వేరు, వేధింపు వేరు. కొట్టడం, అవమానించడం, బలవంతంగా పనులు చేయించడం, కులం, ప్రాంతం పేరుతో హేళన చేయడం లాంటివి జరిగితే సర్దుకుపోకూడదు. యూజీసీ 2009 నిబంధనల ప్రకారం ఫస్టియర్ విద్యార్థులకు వీలైనంత వరకు విడి హాస్టల్ బ్లాక్ ఇవ్వాలి. కాలేజీ బయట జరిగినా ర్యాగింగ్ ర్యాగింగే. ఉమ్మడి రాష్ట్రంలో 1997లో వచ్చిన ర్యాగింగ్ నిషేధ చట్టం కింద జైలు శిక్షలు ఉన్నాయి. యూజీసీ యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522 నంబర్ 24 గంటలూ పనిచేస్తుంది. మనసు బాగోలేకపోతే, తట్టుకోలేనంత దిగులుగా ఉంటే టెలీ మానస్ 14416కు కాల్ చేయొచ్చు.. తెలుగులోనే మాట్లాడొచ్చు.

పేరెంట్స్‌కు ఒక్క మాట

రోజూ ఫోన్ చేసి ‘తిన్నావా?’ అని అడిగితే ‘తిన్నా’ అనే జవాబే వస్తుంది. ‘రాత్రి ఎన్నింటికి పడుకున్నావ్? నీ రూమ్‌మేట్ ఎలా ఉన్నాడు?’ అని అడిగి చూడండి. రూమ్‌మేట్ పేరు, వార్డెన్ నంబర్ మీ ఫోన్‌లో ఉండాలి. అలాగే ‘ఏడాది ఫీజు కట్టేశాం, సర్దుకో’ అన్న మాట మాత్రం అనకండి. ఆ మాట విన్న పిల్లలు తర్వాత అసలు కష్టం వచ్చినా చెప్పరు. కట్టిన ఫీజులో కొంత పోయినా మళ్లీ సంపాదించుకోవచ్చు. పిల్లలు నోరు విప్పి చెప్పే అలవాటు పోతే మాత్రం తిరిగి తెచ్చుకోవడం కష్టం.